లాగినా రాని లీవరు

పట్టాలు ఒక దారి చూపిస్తుంటే సిగ్నల్ మరో దారి చెప్పకూడదు. ఈ ఒక్క మాటను ఇనుము చేత పలికించినవాడు ఇంగ్లండ్‌లోని ఒక వడ్రంగి. పేరు జాన్ సాక్స్‌బీ. అతను భాగస్వామితో కలిసి పెట్టిన కంపెనీ సాక్స్‌బీ అండ్ ఫార్మర్. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో మొదలై కలకత్తా దాకా వచ్చిన ఆ కంపెనీ కథ ఇది.

మా పెదనాన్న రైల్వేలో లీవర్‌మన్. వేసవి సెలవులకు వాళ్ల ఊరు వెళ్లినప్పుడల్లా మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లే పని నాది. ప్లాట్‌ఫాం దాటి కంకర మీద నడుచుకుంటూ పోతే కేబిన్ వచ్చేది. మేడ మీద గది, మూడు వైపులా అద్దాల కిటికీలు, లోపల నేలలోంచి మొలిచినట్టు వరసగా ఇరవై పైచిలుకు ఇనప లీవర్లు. ఎర్రవి సిగ్నళ్లవి, నల్లవి పట్టాలు చీలే చోట దారి మార్చే పాయింట్లవి, నీలంవి పాయింట్లకు వేసే తాళాలవి. తెల్లవాటికి ఏ పనీ లేదు, ఎప్పటికైనా పనికొస్తాయని ఉంచినవి. పిడులు మాత్రం అన్నిటికీ వెండిలా మెరుస్తుండేవి. చెమట చెయ్యి తగిలితే తుప్పు పడుతుందని పెదనాన్న ఎప్పుడూ పాత గుడ్డముక్క అడ్డం పెట్టుకునే లాగేవాడు.

ఒకరోజు అడిగాను, "పెదనాన్నా, నేనొకటి లాగనా?" అని.

"లాగు. అదుగో, ఆ నాలుగో నంబరు."

రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలిపోయాను. కాళ్లు జారుతున్నాయే గానీ లీవరు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాకు బలం చాలక అనుకున్నాను. ఆయన నవ్వి, "నువ్వే కాదురా, నేను లాగినా రాదు. స్టేషన్ మాస్టరుగారు వచ్చి లాగినా రాదు. కిందోడు ఒప్పుకోవాలి," అన్నాడు. కిందోడెవడని అడిగితే మెట్లు దింపి, గోడ పక్కనున్న రేకు పలక తీసి చూపించాడు. నూనె, మడ్డి, వాటి మధ్య అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని ఇనప పట్టీలు. పట్టీల అంచుల్లో గాళ్లు. గాళ్లలో దిగిన ముక్కలు. "ఏడో నంబరుతో పాయింటు తిప్పి, ఎనిమిదో నంబరుతో దానికి తాళం వేస్తే గానీ వీడు నాలుగును వదలడు. నాలుగు లాగాక ఏడును కదలనివ్వడు. నేను నిద్రమత్తులో ఉన్నా వీడు నిద్రపోడు."

లీవర్లను నిలబెట్టిన ఫ్రేము పక్కన పోతపోసిన అక్షరాలు ఉండేవి. రంగు మీద రంగు పూసి సగం పూడిపోయాయి. కూడబలుక్కుని చదివాను: సాక్స్‌బీ అండ్ ఫార్మర్, కలకత్తా.

రైలుకు కాపలా పోలీసు

ఇంగ్లండ్‌లో రైళ్లు మొదలైన కొత్తలో సిగ్నల్ అంటే మనిషే. పట్టాల పక్కన కంపెనీ పెట్టుకున్న పోలీసు నిలబడేవాడు. పగలు జెండా, రాత్రి దీపం. ఒక రైలు వెళ్లిన తరవాత ఇన్ని నిమిషాలు ఆగి మరోదాన్ని పంపడమే పద్ధతి. ముందు వెళ్లిన రైలు రెండు మైళ్ల అవతల ఇంజను చెడి ఆగిపోయి ఉంటే ఆ పోలీసుకు తెలిసే దారి లేదు. అతని చేతిలో ఉన్నది గడియారం ఒక్కటే. బ్రిటన్ రైల్వేవాళ్లు సిగ్నల్‌మన్‌ను ఇప్పటికీ "బాబీ" అని పిలుస్తారు. పోలీసుకు అక్కడి వాడుక పేరు అది.

1840ల మొదట్లో చార్లెస్ హట్టన్ గ్రెగరీ అనే ఇంజనీరు లండన్ దగ్గర న్యూ క్రాస్‌లో స్తంభానికి చెయ్యి తగిలించిన సిగ్నల్ పెట్టాడు. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగు. మనం "సిగ్నల్ పడింది, రైలొస్తోంది" అనుకునే సెమాఫోర్ సిగ్నల్ రైలు పట్టాల పక్కకు వచ్చింది అక్కడే. ఆ తరవాత సిగ్నళ్ల తీగలన్నీ ఒకచోటికి తెచ్చి, గుర్రపు రికాబు లాంటి వాటిని కాలితో తొక్కితే చేతులు దిగేలా చేశారు. తొక్కే మనిషికి శ్రమ తగ్గింది. ప్రమాదం తగ్గలేదు. ఎందుకంటే పట్టాలు చీలే చోట పాయింట్లను తిప్పే లీవర్లు వేరు, సిగ్నల్ రికాబులు వేరు. పాయింటును ఎడమకు తిప్పి, కుడి దారికి సిగ్నల్ ఇవ్వడాన్ని ఆపేది సిగ్నల్‌మన్ జ్ఞాపకశక్తి తప్ప మరేదీ లేదు. రోజుకు నాలుగు రైళ్లు నడిచే చోట జ్ఞాపకశక్తి చాలు. నాలుగు దిక్కుల నుంచి వచ్చి కలిసే లండన్ జంక్షన్లలో, పొగమంచులో, పన్నెండు గంటల డ్యూటీ చివర అది చాలదు.

వడ్రంగి చూపు

జాన్ సాక్స్‌బీ 1821లో బ్రైటన్‌లో పుట్టాడు. పదమూడేళ్లకే వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. తరవాత లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో పనికి కుదిరాడు. అతను యూనివర్సిటీ చదువు చదివినవాడు కాదు. ఒక ముక్కలో గాడి తీసి రెండో ముక్కను అందులో దించితే, మొదటిది కదిలేదాకా రెండోది కదలదని చేతులతో తెలిసినవాడు. తలుపుకు గొళ్లెం పెట్టేవాడికి ఈ సంగతి పుస్తకం చెప్పనక్కర్లేదు. అతని కంపెనీ కథ ఎప్పుడు చదివినా నాకు ఆ వడ్రంగమే ముందు గుర్తుకొస్తుంది.

1856లో అతను పేటెంటు తీసుకున్నాడు. పాయింటునూ సిగ్నల్‌నూ ఒకే కదలికతో పనిచేయించే ఏర్పాటు అది. మొదట పెట్టింది లండన్‌లోని బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ జంక్షన్‌లో. పాయింటు ఏ దారికి తిరిగితే ఆ దారి సిగ్నలే పడుతుంది, రెండో దారి సిగ్నల్ పడదు. అప్పటిదాకా మనిషి బుర్రలో ఉన్న నియమం మొదటిసారి ఇనుములోకి దిగింది.

ఇక్కడ న్యాయం తప్పకుండా ఒక మాట చెప్పాలి. పాయింట్లనూ సిగ్నళ్లనూ ఇలా ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ మొత్తం సాక్స్‌బీ ఒక్కడి సొత్తు అని రాసేవాళ్లున్నారు. అది నిజం కాదు. 1856 నాటి యంత్రంలో పాయింటూ సిగ్నలూ కలిసి కదిలేవి. అంటే పాయింటు సగం దారిలో ఉండగా సిగ్నల్ కూడా సగం దిగి ఉండవచ్చు. పట్టా బ్లేడు పూర్తిగా అంటుకోకపోతే చక్రం ఆ సందులోకి దూరుతుంది. ముందు పాయింటు పూర్తిగా తిరగాలి, ఆ తరవాతే సిగ్నల్ లీవరుకు విడుదల దొరకాలి. ఈ వరసను యంత్రంలో పెట్టిన ఘనత నార్త్ లండన్ రైల్వేకు చెందిన ఆస్టిన్ చేంబర్స్‌ది. కెంటిష్ టౌన్ జంక్షన్‌ను తనిఖీ చేసిన కర్నల్ యోలండ్ అక్కడి పాత ఏర్పాటును ఒప్పుకోకపోవడంతో చేంబర్స్ బుర్ర పెట్టి దీన్ని తయారుచేశాడు. సాక్స్‌బీ దాన్ని చూసి ఊరుకోలేదు. 1860లో తన సొంత పద్ధతితో కొత్త పేటెంటు తీసుకున్నాడు. మొదట ఎవరికి తట్టిందన్నది ఒక ప్రశ్న. దాన్ని దేశమంతటా స్టేషన్ స్టేషన్‌కూ ఎవరు మోసుకెళ్లారన్నది రెండో ప్రశ్న. ఆ రెండోదానికి జవాబు సాక్స్‌బీయే.

యోలండ్ లాంటి తనిఖీ అధికారుల పాత్ర కూడా చిన్నదేమీ కాదు. వాళ్లు సైన్యంలో ఇంజనీర్లుగా చేసినవాళ్లు, బోర్డ్ ఆఫ్ ట్రేడ్ తరఫున కొత్త లైన్లను పరీక్షించేవాళ్లు. వాళ్లు సరేననకపోతే కొత్త లైను మీద ప్రయాణికుల రైలు నడపడానికి లేదు. జంక్షన్లలో ఇంటర్‌లాకింగ్ ఉండాలని వాళ్లు పట్టుబట్టిన కొద్దీ సాక్స్‌బీకి ఆర్డర్లు పెరిగాయి. కానీ అప్పటికే నడుస్తున్న పాత లైన్ల మీద వాళ్లకు అధికారం లేదు. సలహా రాయగలరు, అంతే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, దీని ఖరీదు ముందు ముందు తెలుస్తుంది.

సొరంగంలో రెండు రైళ్లు

1861 ఆగస్టు 25, ఆదివారం ఉదయం. బ్రైటన్ నుంచి లండన్ వైపు మూడు రైళ్లు నిమిషాల తేడాతో బయలుదేరాయి. దారిలో క్లేటన్ సొరంగం, పొడవు రెండు కిలోమీటర్ల పైన. రెండు చివర్లా ఒక్కో సిగ్నల్‌మన్, వాళ్ల మధ్య టెలిగ్రాఫ్ సూది.

మొదటి రైలు సొరంగంలోకి వెళ్లగానే దానంతటదే "ఆగు"కు తిరగాల్సిన సిగ్నల్ తిరగలేదు. రెండో రైలు దూసుకొచ్చేసింది. సిగ్నల్‌మన్ పరుగెత్తి ఎర్ర జెండా ఊపాడు. డ్రైవరు చూశాడో లేదో అతనికి తెలియలేదు. నిజానికి డ్రైవరు చూశాడు, సొరంగంలో కొంతదూరం పోయాక రైలు ఆపి వెనక్కి నడపడం మొదలుపెట్టాడు. ఇటువైపు సిగ్నల్‌మన్ అవతలివాణ్ని అడిగాడు, సొరంగం ఖాళీయేనా అని. అవతలివాడు అప్పుడే మొదటి రైలు బయటికి రావడం చూశాడు, ఖాళీయే అన్నాడు. ఇతను అది రెండో రైలు సంగతనుకుని మూడో రైలుకు తెల్ల జెండా చూపించాడు. అప్పట్లో తెలుపంటే పోవచ్చని. చీకట్లో రెండూ కొట్టుకున్నాయి. 23 మంది చనిపోయారు, 176 మంది గాయపడ్డారు.

ఆ సిగ్నల్‌మన్ ఆ రోజు ఏకబిగిన 24 గంటల డ్యూటీలో ఉన్నాడు. వారంలో ఒక పూర్తి సెలవు దొరకాలంటే అలా చేయాల్సి వచ్చేది.

ఆ లైను సాక్స్‌బీ పనిచేసిన రైల్వేదే. ఆ బ్రైటన్ అతను పుట్టిన ఊరే. క్లేటన్‌లో తప్పింది జంక్షన్ ఇంటర్‌లాకింగ్ కాదు, రైలుకూ రైలుకూ మధ్య దూరం కాపాడే పద్ధతి. దానికి మందు బ్లాక్ పద్ధతి: లైనును ముక్కలు చేసి, ఒక ముక్కలో ఒక్క రైలే ఉండాలనడం. కానీ జబ్బు రెండు చోట్లా ఒకటే. అలసిన మనిషి ఒక మాటను మరో మాటగా విన్నాడు, అతణ్ని ఆపే యంత్రం లేదు.

పిడి పట్టుకోగానే

సాక్స్‌బీ అప్పటికే రైల్వే ఉద్యోగం నుంచి బయటికి వస్తున్నాడు. మొదట హేవర్డ్స్ హీత్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. 1862లో జాన్ స్టిన్సన్ ఫార్మర్ అతనితో కలిశాడు. ఫార్మర్ అదే రైల్వేలో ట్రాఫిక్ విభాగంలో పెద్ద ఉద్యోగి, రైళ్లు నడిపే లెక్క తెలిసినవాడు. ఇద్దరూ కలిసి లండన్ వాయవ్యాన కిల్‌బర్న్‌లో రైలు లైను పక్కనే కార్ఖానా కట్టారు. ఒకరికి చెయ్యి, ఒకరికి వ్యవహారం. పొత్తు కుదిరింది.

కిల్‌బర్న్ నుంచి లీవర్లు మాత్రమే వెళ్లలేదు. ఫ్రేము, తీగలు, కడ్డీలు, కప్పీలు, సిగ్నల్ స్తంభాలు, చివరికి కేబిన్ కట్టడం కూడా వాళ్లదే. కింద ఇటుక గోడ, పైన చెక్కగది, చుట్టూ అద్దాలు. సిగ్నల్‌మన్ ఎత్తు నుంచి అన్ని వైపులా చూడాలి, కింద అంతస్తులో యంత్రం ఉండాలి. మన స్టేషన్ల చివర కనిపించే మేడ కేబిన్లు ఆ వంశానికి చెందినవే. ససెక్స్‌లోని క్రాలీలో 1877 నాటి కేబిన్ ఇంకా నిలబడి ఉంది. బిల్లింగ్స్‌హర్స్ట్ కేబిన్‌ను 2014లో విప్పి, ఆంబర్లీ మ్యూజియంకు తరలించి మళ్లీ నిలబెట్టారు.

1866లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున కానన్ స్ట్రీట్ స్టేషన్ తెరిచినప్పుడు అక్కడి కేబిన్‌లో 67 లీవర్లున్న సాక్స్‌బీ అండ్ ఫార్మర్ ఫ్రేము పెట్టారు. ఒక్కో లీవరుకు రెండు స్థితులు: ముందుకు, వెనక్కి. 67 లీవర్లను ఎన్ని రకాలుగా అమర్చవచ్చని లెక్క వేస్తే ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టిన సంఖ్య కూడా చాలదు. అందులో రైళ్లకు పనికొచ్చేవి, ప్రాణాలకు ముప్పులేనివి పిడికెడు. మిగిలినవన్నీ జరగకుండా ఆపడమే కింద ఉన్న పట్టీల పని. ఆ కాలంలో లండన్‌వాసులు ఆ కేబిన్‌ను చూసి ఆశ్చర్యపోయారంటే వింత లేదు.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సంఖ్య కాదు, పిడి. లీవరు పిడి వెనక చిన్న క్యాచ్ ఉంటుంది. పిడితో పాటు దాన్నీ కలిపి బిగించి పట్టుకుంటే కింద గొళ్లెం లేచి లీవరు వదులవుతుంది. సైకిల్ బ్రేకు నొక్కినట్టు. తొలి ఫ్రేముల్లో లీవరు కదులుతుంటే దాని బలంతోనే తాళాలు పడేవి. రెండు చేతుల బలంతో లాగే మనిషి ఆ బలమంతా తాళం ముక్కల మీద పడేస్తాడు, అవి అరిగిపోతాయి, వంగిపోతాయి. పైగా లీవరు సగం దారిలో ఉన్నప్పుడు తాళం సంగతేమిటన్న పాత ప్రశ్న ఉండనే ఉంది. సాక్స్‌బీ అండ్ ఫార్మర్ ఆలోచన ఇలా సాగింది: తాళాన్ని లీవరు చేత కాకుండా ఆ క్యాచ్ చేత నడిపిస్తే?

1871 పేటెంటుతో వచ్చిన ఫ్రేములో వంపు తిరిగిన ఒక పలక ఉంటుంది, దానిలో ఒక వంపు గాడి. క్యాచ్ ఎత్తగానే పలక సగం ఒరుగుతుంది. ఆ ఒరగడంతోనే, లీవరు ఇంకా ఒక్క అంగుళం కూడా కదలకముందే, దీనికి విరుద్ధమైన లీవర్లన్నిటికీ తాళం పడిపోతుంది. తరవాత లీవరును లాగుతున్నంతసేపూ పలక కదలదు. లీవరు చివరిదాకా వచ్చి క్యాచ్ దిగినప్పుడు పలక మిగతా సగం ఒరుగుతుంది. అప్పుడే తరవాతి లీవర్లకు విడుదల. అంటే ఆపడం పనికి ముందు, వదలడం పని పూర్తయ్యాక. మధ్యలో ఆగిపోయిన పని ఎవరికీ దారి ఇవ్వదు. ఒక లీవరును లాగకూడనప్పుడు దాని క్యాచే లేవదు. అందుకే మనిషి బలం ఎంతైనా తాళం మీదకు రాదు, వేళ్ల బలం మాత్రమే వస్తుంది. మనిషి మనసులో ఉద్దేశం పుట్టి చెయ్యి పిడి మీద బిగుసుకునే ఆ క్షణంలోనే యంత్రం ఔను అనో కాదు అనో చెప్పేస్తుంది. ఇంతకంటే మర్యాదగా, ఇంతకంటే కచ్చితంగా తప్పును ఆపిన యంత్రాన్ని నేనింకోటి ఎరగను.

పోటీ లేకపోలేదు. లండన్‌లో స్టీవెన్స్ అండ్ సన్స్, వూస్టర్‌లో మెకెంజీ అండ్ హాలండ్ బలమైన కంపెనీలే. గాడి, ముక్కల టాపెట్ పద్ధతి స్టీవెన్స్ వాళ్లది. సులువైనది, చవకైనది కాబట్టి తరవాతి కాలంలో ఎక్కువ చోట్ల అదే నిలిచింది. మా పెదనాన్న నాకు చూపించిన పట్టీలు కూడా ఆ రకానివే. పేరు సాక్స్‌బీది, లోపలి గాడి పోటీదారుడి పద్ధతిది. పేటెంట్ల గడువు తీరాక మంచి పద్ధతి అందరిదీ అవుతుంది.

1878లో సాక్స్‌బీ ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర క్రెయ్‌లో మరో కార్ఖానా తెరిచాడు. అమెరికాలో యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీ సాక్స్‌బీ అండ్ ఫార్మర్ పేరుతోనే ఆ రకం ఫ్రేములు తయారుచేసింది. 1888లో భాగస్వాములు విడిపోయారు. ఫ్రాన్స్ పని సాక్స్‌బీకి, కిల్‌బర్న్ ఫార్మర్‌కు.

ముప్ఫై మూడేళ్ల ఆలస్యం

యంత్రం వచ్చింది, పనిచేసింది, అందరూ చూశారు. అయినా బ్రిటన్ రైల్వే కంపెనీలన్నీ దాన్ని పెట్టుకోలేదు. డబ్బు ఖర్చు ఒక కారణం. పైకి చెప్పిన కారణం ఇంకొకటి: యంత్రం చూసుకుంటుందనే ధీమాతో సిగ్నల్‌మన్లు ఏమరుపాటుగా ఉంటారని. రోజుకు పన్నెండు గంటలు, కొన్నిసార్లు ఇరవై నాలుగు గంటలు మనిషిని నిలబెట్టినవాళ్లు అతని అప్రమత్తత గురించి బెంగపడ్డారు. ఈ వాదన నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు. తనిఖీ అధికారులు ప్రతి ప్రమాదం తరవాతా నివేదికల్లో అదే సలహా రాశారు. సలహాకు బలం లేదు.

1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా పట్టణం నుంచి ఆదివారపు బడి పిల్లల విహారయాత్ర రైలు బయలుదేరింది. పెట్టెల్లో తొమ్మిది వందల మందికి పైగా ఉన్నారు. ఎత్తు ఎక్కలేక ఇంజను ఆగిపోయింది. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేసి ముందు ముక్కను పైకి చేర్చాలనుకున్నారు. విప్పిన వెనక పెట్టెలకు సరైన బ్రేకు లేదు. అవి వెనక్కి జారాయి, వేగం పుంజుకున్నాయి. ఆ లైను మీద అప్పటికీ పాత గడియారం పద్ధతే. ఇరవై నిమిషాల తేడాతో వెనక బయలుదేరిన మరో రైలు ఎదురుగా ఎక్కివస్తోంది. 80 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

మూడు నెలలు తిరగకముందే పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల లైన్లన్నిటి మీదా బ్లాక్ పద్ధతి, ఇంటర్‌లాకింగ్, రైలు పొడవునా పనిచేసే ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి. సాక్స్‌బీ మొదటి పేటెంటుకూ ఈ చట్టానికీ మధ్య 33 ఏళ్లు. ఈ కాలమంతా తెలివి లేక ఎవరూ చావలేదు. తెలివి కిల్‌బర్న్‌లో తయారై, ధర చీటీతో సహా సిద్ధంగా ఉంది.

కిల్‌బర్న్ నుంచి కలకత్తాకు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంపెనీ కిల్‌బర్న్ వదిలి విల్ట్‌షైర్‌లోని చిప్పెన్‌హామ్‌కు మారింది. 1920లో వెస్టింగ్‌హౌస్‌తో కలిసి వెస్టింగ్‌హౌస్ బ్రేక్ అండ్ సాక్స్‌బీ సిగ్నల్ కంపెనీ అయింది. 1935లో పేరులోంచి సాక్స్‌బీ పోయింది. చేతులు మారుతూ ఆ వ్యాపారం 2013లో సీమెన్స్‌కు చేరింది. చిప్పెన్‌హామ్‌లో రైలు సిగ్నళ్ల పని ఇప్పటికీ జరుగుతోంది.

కలకత్తాలో మాత్రం పేరు నిలిచింది. ఎంటాలీలో వెలసిన ఇక్కడి శాఖ స్వాతంత్ర్యం తరవాత వెస్టింగ్‌హౌస్ సాక్స్‌బీ ఫార్మర్ లిమిటెడ్ అనే పేరుతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సంస్థగా సాగింది. బ్రైటన్ వడ్రంగి ఇంటిపేరు ఇంగ్లండ్‌లో చెరిగిపోయాక కూడా మన దేశపు ఫ్యాక్టరీ పేరులో చాలా ఏళ్లు నిలవడం నాకు సంతోషంగా ఉంటుంది.

తెలుగునేలకు ఈ విద్యతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. భారతీయ రైల్వే సిగ్నల్ ఇంజనీర్లందరూ శిక్షణకు వచ్చేది సికింద్రాబాదుకు. 1957లో మొదలైన ఇరిసెట్ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. రైలును దానంతట అదే ఆపే కవచ్ పరికరాలు తయారుచేసే హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మేధా మూడూ హైదరాబాదు కంపెనీలే. కవచ్ తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలోనే జరిగాయి. 2022 మార్చిలో గుల్లగూడ దగ్గర రెండు ఇంజన్లను ఒకే లైను మీద ఎదురెదురుగా నడిపి అవి ఆగడాన్ని చూపించారు. అంటే, నాడు కిల్‌బర్న్ చేసిన పని నేడు హైదరాబాదు చేస్తోంది.

అందుకే 2023లో జరిగిన రెండు ప్రమాదాలు మనకు మరింత దగ్గరగా తగలాలి. జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ మెయిన్ లైను అంది, పాయింటు పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉంది. రైలు ఆగి ఉన్న గూడ్సులోకి దూసుకెళ్లింది. 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ సర్క్యూట్ల మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. సాక్స్‌బీ 1856లో దేన్ని అసాధ్యం చేయాలని కూర్చున్నాడో సరిగ్గా అదే, ఇనప పట్టీల చోట తీగలూ రిలేలూ వచ్చిన కాలంలో జరిగింది. పట్టీలో గాడి తప్పుగా ఉంటే చాలావరకు లీవరు రాదు, పని ఆగిపోతుంది, అందరికీ తెలుస్తుంది. తీగ తప్పు చోట కలిపినా సిగ్నల్ పడుతూనే ఉండవచ్చు. ఆ ఏడాదే అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. ఒక రైలు వెనక మరో రైలు, మధ్యలో దూరం చెరిగిపోవడం. క్లేటన్ సొరంగంలోనూ జరిగింది ఇదే. ఆ లైను మీద అప్పటికి కవచ్ లేదు.

జాన్ సాక్స్‌బీ 1913లో ససెక్స్‌లోని హసాక్స్‌లో కన్నుమూశాడు. క్లేటన్ సొరంగం ఆ ఊరికి దగ్గరే.

కొన్నేళ్ల కిందట పెదనాన్న పనిచేసిన స్టేషన్‌కు వెళ్లాను. లీవర్లు పోయి ప్యానెల్ వచ్చింది, రావాల్సిందే. స్టేషన్ మాస్టరు గదిలో బొత్తాలు నొక్కితే పాయింటు తిరుగుతోంది. కేబిన్‌ను పడగొట్టేశారు. ఫ్రేము ఏమైందని అడిగితే పాత ఇనుము కింద వేలంలో పోయిందన్నారు. అక్షరాలు పోతపోసిన ఆ పక్క ముక్కైనా ఎక్కడన్నా ఉంచారా అని అడిగాను. ఎవరికీ తెలియదు.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకా విప్పని లీవరు ఫ్రేములు మిగిలి ఉంటే, రైల్వే అధికారులను ఒకటే కోరుతున్నాను. ఒక్కటి చాలు, దాన్ని తూకానికి అమ్మకండి. సికింద్రాబాదులోనో, విజయవాడలోనో, విశాఖలోనో జనం వచ్చే చోట నిలబెట్టండి. కింది రేకు పలక తీసేసి, పట్టీలూ గాళ్లూ కనబడేలా ఉంచండి. ఒక పాత గుడ్డముక్క కూడా పెట్టండి. బడి పిల్లలు వచ్చినప్పుడు ముందు నాలుగో నంబరు లాగమనండి. రాదు. తరవాత ఏడు, ఎనిమిది లాగించి, మళ్లీ నాలుగు పట్టుకోమనండి.